పంపుకు భయపడి పిల్లల్ని వార్డుకు అప్పగిస్తున్నాం

"పంపు అలవాటు చెయ్యకు బిడ్డా. ఒక్కసారి మరిగిందంటే ఇగ ఇడువది."

గోదావరిఖనిలో దమ్ము (ఉబ్బసం) ఉన్న పిల్లను పెంచే తల్లి ఈ మాట వినకుండా ఒక్క చలికాలం గడవదు. అత్తమ్మ చెబుతుంది. పక్క క్వార్టర్ వదినె చెబుతుంది. మందుల షాపాయన చీటీ చూసి, ఎవరూ అడగకపోయినా, పంపును, అంటే ఇన్‌హేలర్‌ను, చేతికిస్తూ గొంతు తగ్గించి మరీ చెబుతాడు. వైద్యం చదువుకున్నవాళ్లలోనూ కొందరు "ఇంత చిన్నపిల్లకు అప్పుడే ఇన్‌హేలర్ ఎందుకమ్మా, సిరప్‌తో చూద్దాం" అని పంపేస్తారు. ఇంతమంది ఇంత ప్రేమగా చెప్పే మాటను కాదనడం కష్టమే. అయినా ఇది తప్పుడు మాట. దీన్ని నమ్మడం వల్ల మన కోల్‌బెల్టులో ఎందరో పిల్లలు ఇంట్లో నిద్రపోవాల్సిన రాత్రులు వార్డుల్లో దగ్గుతూ గడుపుతున్నారు. నా బిడ్డ తొలి ఏళ్లు అట్లాగే పోయాయి. అందుకే ఈ మాటను పట్టుకుని, దాని చుట్టూ అల్లుకున్న మిగతా మాటలనూ పట్టుకుని, ఒక్కొక్కటిగా జవాబు చెప్పదలచుకున్నాను.

నేను డాక్టర్ని కాను. యైటింక్లయిన్ కాలనీలో ఉంటాను, మా ఆయన బొగ్గుబాయిలో పనిచేస్తాడు. కానీ పదే పదే ఆసుపత్రిలో చేరే పిల్ల తల్లికి తప్పించుకోలేని చదువు ఒకటుంటుంది. కేస్ షీట్లు చదువుతుంది. మందు డబ్బాలో మడతపెట్టి ఉండే సన్నక్షరాల కాగితాలు చదువుతుంది. పిల్లల డాక్టర్లకు విసుగొచ్చేదాకా ప్రశ్నలు అడుగుతుంది. ఆ చదువుతోనే రాస్తున్నాను.

ముందు వార్డు సంగతి చెప్పాలి. పంపు వద్దన్నవాళ్లు దాని బదులు పిల్లకు ఏమి ఇస్తున్నారో తెలియాలి కదా.

జలుబుతో మొదలవుతుంది. పొద్దున ముక్కు కారుతుంది, సాయంత్రానికి దగ్గు, అర్ధరాత్రి దాటాక పిల్లికూతలు. డొక్కలెగరేస్తుంది. పడుకోలేక లేచి కూర్చుని, రెండు చేతులూ మంచానికి ఆనించి, మెడ ముందుకు చాపి గాలి పీలుస్తుంది. తండ్రి నైట్ షిఫ్టులో ఉంటాడు. ఆటో కోసం ఎవరి తలుపో కొట్టాలి. ఆసుపత్రిలో మాస్కు పెడతారు, మన భాషలో గ్యాస్ పెడతారు. నరం దొరక్క ఒకచోట గుచ్చి తీసి, ఇంకోచోట గుచ్చి క్యాన్లా వేస్తారు. కదలకుండా పట్టుకోవాల్సింది తల్లే. పిల్ల చూసేది సూది పట్టుకున్న నర్సును కాదు, తనను అదిమిపెట్టిన అమ్మను. ఆ చూపును ఏ డిశ్చార్జి కాగితమూ నమోదు చెయ్యదు. సెలైన్, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఎక్స్‌రే. మూడో రోజుకో నాలుగో రోజుకో నవ్వుతుంది. ఇంటికొస్తాం. కొన్ని వారాలు. మళ్లీ జలుబు.

ఇట్లా పెరిగే పిల్ల ఆసుపత్రి గేటు కనబడగానే చేతులు వెనక దాచుకుంటుంది. బొమ్మ చేతికి దారం చుట్టి "కదలకు, కదిలితే మళ్లా గుచ్చుతరు" అని బెదిరిస్తుంది. అంగన్‌వాడీ రిజిస్టర్‌లో పేరుంటుంది, గదిలో పిల్ల ఉండదు. ఇంకో పిల్లవాడు అమ్మమ్మ ఇంట్లో ఉండి, అమ్మ ఎప్పుడూ చెల్లె దగ్గరే ఎందుకుంటుందో అర్థంకాక మొండికేస్తాడు. తండ్రి మస్టర్లు పోతాయి. భూగర్భంలో పనిచేసేవాళ్లు ఏడాదికి నిర్ణీత హాజర్లు నింపితేనే జీతంతో కూడిన సెలవుకు అర్హులు. పిల్ల వార్డులో ఉన్న ప్రతిరోజూ ఆ లెక్కలోంచి తరుగుతుంది. కాంట్రాక్టు కార్మికుడికైతే ఆ రోజు కూలే పోతుంది.

చూడటానికి వచ్చిన చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న: "ఎన్ని బాటిళ్లు ఎక్కించిండ్రు?" ఎక్కువ బాటిళ్లయితే మంచి వైద్యం. అడ్మిట్ చేసుకున్న డాక్టరు మంచి డాక్టరు, మందు రాసి ఇంటికి పంపినాయన పట్టించుకోని డాక్టరు. ఈ కొలత తలకిందులైంది. ఆ రాత్రి ప్రాణం నిలబెట్టిన డ్యూటీ డాక్టర్లకు, నర్సులకు చేతులెత్తి మొక్కుతాను. వాళ్లమీద నా ఫిర్యాదు లేదు. కానీ ఉబ్బసం ఉన్న పిల్ల ఏడాదిలో మళ్లీ మళ్లీ వార్డులో చేరుతోందంటే, వార్డు బయట రోజూ జరగాల్సిన వైద్యం జరగడం లేదని అర్థం.

ఆ రోజువారీ వైద్యమే పంపు.

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. దమ్ము లేని రోజున, పిల్ల చెంగుచెంగున గంతులేస్తున్న రోజున కూడా ఆ వాపు ఉండొచ్చు. దానిమీద వైరసో, దుమ్మో, పొగో తగిలితే గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల శ్లేష్మం పేరుకుంటుంది, గాలి దారి సన్నబడుతుంది. సాల్బుటమాల్ అనే మందు బిగిసిన కండరాన్ని సడలిస్తుంది. కొన్ని గంటలు హాయి. వాపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. దాన్ని తగ్గించేవి పీల్చే స్టెరాయిడ్లు: బెక్లోమెథసోన్, బ్యూడెసొనైడ్ లాంటివి. చిన్న మోతాదులో, రోజూ, దమ్మున్నా లేకున్నా తీసుకోవాలి. బెక్లోమెథసోన్ పంపు 1972లో వాడుకలోకి వచ్చింది. అంటే యాభై ఏళ్లకు పైగా ప్రపంచమంతా పిల్లలు పీలుస్తున్న రకం మందు ఇది. మన దేశపు అత్యవసర మందుల జాతీయ జాబితాలోనూ ఈ రకం మందు ఉంది. అటువంటి దాన్ని మనం ఇంకా సారాయి గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నాం.

"డోసు ఎక్కువైతది, చిన్నపిల్ల తట్టుకోలేదు" అంటారు. లెక్క చూద్దాం. సాల్బుటమాల్ సిరప్ ఒక చెంచాలో, అంటే 5 ఎం.ఎల్.లో, 2 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అదే మందు పంపులో ఒక్క నొక్కుకు 100 మైక్రోగ్రాములు. ఒక చెంచా సిరప్‌లో 20 నొక్కుల మందు ఉందన్నమాట. ఆసుపత్రిలో నెబులైజర్‌లో పోసే చిన్న ప్లాస్టిక్ గుళికలో సాధారణంగా 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది. అది 25 నొక్కులు. సిరప్ కడుపులోంచి రక్తంలోకి వెళ్లి, ఒళ్లంతా తిరిగి, గుండె దడదడలాడించి, చేతులు వణికించి, చివరికి ఊపిరితిత్తులకు చేరుతుంది. పంపు మందు నేరుగా అక్కడికే వెళ్తుంది. పంపు వద్దన్న పెద్దమనిషే మనవరాలికి రోజుకు మూడుసార్లు సిరప్ పోయించి, వారానికోసారి గ్యాస్ పెట్టించి తెస్తాడు. భయపడాల్సింది మోతాదుకైతే ఆయన భయం తప్పుచోట ఉంది.

స్టెరాయిడ్ మాట వినగానే ఇంకా బెదురుతారు. దమ్ము ముదిరి ఆసుపత్రికి వెళ్తే పిల్లకు నోటి ద్వారా ఇచ్చే ప్రెడ్నిసొలోన్ కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. 15 కిలోల పిల్లకు రోజుకు 15 నుంచి 30 మిల్లీగ్రాములు. రోజూ పీల్చే బ్యూడెసొనైడ్ మామూలు చిన్న మోతాదు 200 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో ఐదో వంతు. రెండు మందుల బలమూ ఒకటి కాదు కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి తేల్చెయ్యకూడదు, నిజమే. అయినా ఒకటి మాత్రం ఖాయం: పీల్చే చిన్న స్టెరాయిడ్‌ను వద్దనుకున్న పిల్ల, ఏడాదిలో పెద్ద స్టెరాయిడ్‌ను పదే పదే రక్తంలోకి తీసుకుంటోంది. స్టెరాయిడ్ నుంచి తప్పించామనుకున్న ఇంట్లోనే పిల్ల ఒంట్లోకి ఎక్కువ స్టెరాయిడ్ పోతోంది.

ఇక "మరుగుతది" అనే అసలు మాట. మరగడమంటే ఒళ్లు ఆ మందును కోరుకోవడం, రోజురోజుకూ మోతాదు పెంచమనడం. పీల్చే స్టెరాయిడ్‌కు ఆ గుణం లేదు. మందు ఆపితే మళ్లీ దమ్ము రావొచ్చు. అది మందు చేసిన పని కాదు, ఇంకా తగ్గని జబ్బు చేసిన పని. చూపు మందగించిన పిల్ల కళ్లద్దాలు తీస్తే అక్షరాలు మసకబారుతాయి. అద్దాలకు మరిగిందని ఆ పిల్లను ఎవరూ అనరు. మరగడం లాంటిది ఎక్కడైనా ఉంటే అది నీలిరంగు పంపును, అంటే సాల్బుటమాల్‌ను మాత్రమే, దమ్ము వచ్చినప్పుడల్లా కొట్టుకుంటూ, వాపు తగ్గించే మందు మానేసినవాళ్లలో ఉంది. మందు మీద ఆధారం పెరుగుతూ ఉపశమనం తరుగుతూ పోతుంది. 2019 నుంచి అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు పెద్దవాళ్లకు, పన్నెండేళ్లు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కదాన్నే ఇవ్వొద్దని చెబుతున్నాయి. మన ఊళ్లో జరుగుతున్నదేమో సరిగ్గా దీనికి వ్యతిరేకం. నీలిరంగుది దొంగచాటుగా వాడతాం, రోజూ వాడాల్సింది మానేస్తాం.

పంపు పుట్టిందే ఒక పిల్ల మాటతో అని చాలామందికి తెలియదు. 1955లో అమెరికాలో జార్జ్ మైసన్ అనే మందుల కంపెనీ అధిపతిని, ఉబ్బసంతో బాధపడే ఆయన పదమూడేళ్ల కూతురు అడిగింది: జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా మందు కూడా డబ్బాలో ఎందుకు రాదు నాన్నా అని. అప్పటిదాకా ఆమె వాడింది పగిలిపోయే గాజు నెబులైజర్. మరుసటి ఏడాది, 1956లో, కొలత ప్రకారం మందు వదిలే మొదటి పంపు బజారులోకి వచ్చింది. పిల్లలకు తగదని మనమంటున్న వస్తువు ఒక పిల్ల అడిగితేనే తయారైంది.

ఎదుటివాళ్ల భయంలో నిజం ఎంతుందో అదీ చెప్పాలి. లేకపోతే ఇది వాదన అనిపించుకోదు. పీల్చే స్టెరాయిడ్ ఎదుగుదల మీద కొంత ప్రభావం చూపుతుంది. అమెరికాలో 5 నుంచి 13 ఏళ్ల పిల్లలకు నాలుగేళ్లకు పైగా రోజుకు 400 మైక్రోగ్రాముల బ్యూడెసొనైడ్ ఇచ్చి, వాళ్లు పెద్దయ్యేదాకా గమనించి 2012లో ఫలితాలు ప్రకటించారు. మందు వాడని పిల్లలకన్నా వాళ్ల ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ. ఆ భయం పిచ్చిది కాదు. కానీ ఆ 1.2 సెంటీమీటర్లను తక్కెడలో ఒకవైపు పెడితే రెండోవైపు ఏముందో చూడాలి. రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడే పిల్ల, తిండి సయించని పిల్ల, నోటి స్టెరాయిడ్ కోర్సుమీద కోర్సు వాడే పిల్ల కూడా సరిగ్గా ఎదగదు. పైగా ఎదగాలంటే ముందు బతికుండాలి. ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో సుమారు 13 శాతం మంది మన దేశంలో ఉన్నారు. ఉబ్బసం మరణాల్లో మాత్రం 40 శాతానికి పైగా మన దేశంలోనే జరుగుతున్నాయి. మన జబ్బు ఎక్కడా లేనంత మొండిదై ఈ తేడా రాలేదు. రోజూ వాడాల్సిన మందు మనవాళ్లకు అందక, అందినా భయపడి వాడక వచ్చింది.

"పెద్దయితే అదే పోతది" అనేది ఇంకో మాట. ఇందులోనూ సగం నిజం. అమెరికాలోని టక్సన్ నగరంలో పుట్టినప్పటి నుంచి పిల్లల్ని గమనిస్తూ వచ్చిన పరిశోధకులు 1995లో తేల్చిందేమంటే, మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో దాదాపు 60 శాతం మందికి ఆరేళ్లొచ్చేసరికి అవి పోయాయి. సంతోషం. మరి మిగతా 40 శాతం? నా బిడ్డ ఏ వైపుదో పుట్టుమచ్చ చూసి చెప్పగలరా? రేపు తగ్గబోయే జబ్బైనా సరే, ఈ రాత్రి పిల్లకు ఊపిరాడాలి. నాలుగేళ్లకు తగ్గుతుందని చెప్పి నాలుగేళ్లూ వార్డుల్లో తిప్పడం ఓపిక కాదు, నిర్లక్ష్యం.

ఆడపిల్లైతే ఈ నిర్లక్ష్యానికి ఇంకో ముసుగు. "ఆడపిల్ల, రేపు పెండ్లి కావద్దా, దమ్మని పేరు పడనియ్యకు." అందుకే ఇంట్లో దాన్ని నిమ్ము (న్యుమోనియా) అంటాం. ఏడాదిలో పదే పదే నిమ్మే. ఇంట్లోవాళ్ల ముఖం చూసి కొందరు డాక్టర్లు కూడా ఆ పేరు పలకరు, కాగితం మీద ఛాతీ ఇన్ఫెక్షన్ అని రాసి ఊరుకుంటారు. నిమ్మని రాస్తే యాంటీబయాటిక్ వస్తుంది. ఉబ్బసమని రాస్తేనే రోజువారీ మందు వస్తుంది. నిజంగానే పదే పదే నిమ్ము చేస్తుంటే దానికీ కారణం వెతకాలి: టీబీ ఉందా, గుండెలో లోపముందా, శనగగింజ లాంటిదేమైనా గొట్టంలో ఇరుక్కుందా అని చూడాలి. ఏ పేరూ పెట్టకుండా, ఏదీ వెతకకుండా, బాటిల్ ఎక్కించి పంపడం మాత్రం ఏ వైద్యమూ కాదు. ఎప్పుడో వచ్చే పెళ్లికొడుకు కోసం నాలుగేళ్ల పిల్ల ఊపిరిని తాకట్టు పెట్టే హక్కు మనకు లేదు.

తల్లిని దోషిని చేసే మాటల గురించి ఎక్కువ చెప్పను. చల్లనీళ్లు పోసినవ్, పెరుగు పెట్టినవ్, అరటిపండు తినిపించినవ్, నెత్తికి గుడ్డ కట్టలే. చిన్నపిల్లల్లో దమ్ము దాడి చాలాసార్లు జలుబు తెచ్చే వైరస్‌లతో మొదలవుతుంది. అరటిపండు, పెరుగు మాన్పించిన పిల్ల బక్కచిక్కుతుంది తప్ప దమ్ము తగ్గదు. కోడళ్ల మీద అత్తింటివాళ్లు మోపిన ఈ నేరాన్ని కొట్టిపారేయాలి.

మృగశిర కార్తెకు రామగుండం స్టేషన్‌లో రైలెక్కి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి, ఉబ్బసం తగ్గుతుందని ఇచ్చే చేపప్రసాదం కోసం వెళ్లే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్ల ఆశను నేను అవమానించను. పిల్ల ఆయాసపడుతుంటే తల్లి ఎక్కడికైనా పోతుంది. ఒక్కటే అడుగుతాను. ఆ చేప ఉబ్బసాన్ని తగ్గిస్తుందని శాస్త్రీయ పరీక్షలో తేలలేదు. మందుగా పిలిచినదాన్ని ప్రసాదంగా పిలవడం మొదలైంది కూడా జనవిజ్ఞాన వేదిక లాంటి సంఘాలు నిలదీసి, విషయం కోర్టులకెక్కిన తర్వాతే. మింగించి వచ్చినవాళ్లు పంపు మానేస్తున్నారు. వెనువెంటనే వానలు, జలుబులు. ప్రసాదం మీ నమ్మకం, తీసుకోండి. పంపు మాత్రం ఆపకండి.

ఇక నాకు దగ్గరివాళ్లతో, నేను గౌరవించేవాళ్లతో వాదించాల్సిన మాట. "దుమ్ము ఆపకుండా పంపులెన్ని కొడితే ఏం లాభం? పిల్లకు పంపు ఇస్తే సింగరేణి కంపెనీ తప్పు మాఫీ అయినట్టే" అని మన ఉద్యమ మిత్రులు అంటారు.

దుమ్ము సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. పొద్దున ఊడ్చిన వరండా మధ్యాహ్నానికి నల్లబడుతుంది. ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్, తవ్విపోసిన మట్టి (ఓబీ) గుట్టలు, బొగ్గు నిర్వహణ కేంద్రాల (సీహెచ్‌పీల) దగ్గర బొగ్గు పొడి, పట్టా కప్పకుండా పరుగెత్తే లారీలు. మరోపక్క ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రం, దాని పక్కనే కొత్తగా వచ్చిన రెండు 800 మెగావాట్ల యూనిట్లు. కుందనపల్లి బూడిద చెరువు ఎండాకాలం గాలికి లేస్తే ఆ చుట్టుపక్కల ఇళ్లలో అన్నం మూత తియ్యలేరు. 1971 నాటి 62.5 మెగావాట్ల పాత కేంద్రం మూతపడినా ఊరి గాలి తేలిక పడలేదు. తమ బరువుతో పోలిస్తే పిల్లలు పెద్దవాళ్లకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతూ ఉంటాయి. అంటే ఈ దుమ్ములో వాళ్ల వాటా ఎక్కువ. ఇళ్ల మధ్య గాలిలో పీఎం 10 ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటొద్దని 2009 జాతీయ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. బొగ్గు గనుల పరిసరాలకైతే 2000 సంవత్సరంలో ఇచ్చిన విడి ప్రమాణాలు ఇంతకన్నా ఎంతో ఎక్కువ దుమ్మును అనుమతించాయి. గని పక్కన పుట్టిన పిల్లకు వేరే ఊపిరితిత్తులు ఉంటాయా?

ఇంకో అన్యాయం కూడా ఉంది. గనిలో దిగే తండ్రికి నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష చేయాలని గనుల నిబంధనలు చెబుతున్నాయి. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, ఊపిరి పరీక్షిస్తారు. అదే దుమ్ము ఇంటి కిటికీలోంచి వచ్చి పిల్ల గొంతులో పడితే ఏ నిబంధనా లేదు. కార్మికుడి ఊపిరితిత్తి చట్టంలో ఉంది, కార్మికుడి బిడ్డ ఊపిరితిత్తి లేదు.

ఇంత తెలిసీ చెబుతున్నాను: దుమ్ము ఆగేదాకా పంపు వద్దనడం తప్పు. దుమ్ము, పంపు ఒకదానికొకటి పోటీ కాదు. దక్షిణ కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి పిల్లల ఊపిరితిత్తులు కొలిచినవాళ్లు 2004లో మురికి గాలి పిల్లల ఊపిరి ఎదుగుదలను కుంటుపరుస్తుందని, 2015లో గాలి శుభ్రపడ్డాక పిల్లల ఊపిరి మెరుగైందని చూపించారు. గాలిని బాగు చేయవచ్చు. చేయాల్సింది సింగరేణి, ఎన్టీపీసీ, కాలుష్య నియంత్రణ మండలి. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది, అంటే మనం ఓటేసే రెండు ప్రభుత్వాలదీ. పోరాడదాం. కానీ ఆ పోరాటం గెలిచేలోపు నా బిడ్డకు పదేళ్లొస్తాయి. ఉద్యమానికి సాక్ష్యంగా నిలబెట్టడానికి పిల్లను దమ్ముతో ఉంచలేను. ఇంకోమాట: నిమ్మని, పేరులేని ఇన్ఫెక్షనని రాసిన పిల్లలు ఏ లెక్కలోకీ రారు. ఉబ్బసమని రాసి, రోజూ మందు వాడుతున్న పిల్లల జాబితా ఒక్కో కాలనీకి తయారైతే, దుమ్ము మీద అంతకన్నా బలమైన కాగితం ఇంకేం కావాలి?

"పైసలెక్కడివి" అనే ప్రశ్న ఒక్కటే నేను తలవంచి వినే ప్రశ్న. పర్మనెంట్ కార్మికుడి పిల్లకు కంపెనీ ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టు కార్మికుడి పిల్లకు అదే స్థాయి భరోసా లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరి ప్రాణాలో నిలిపింది, 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్లకోసం పెట్టిన పథకం. ఇన్సూరెన్సులూ అంతే. పిల్ల మంచం మీద పడుకుంటే డబ్బుంది, మంచం ఎక్కకుండా ఆపే మందుకు డబ్బు లేదు. వార్డులో రోజులు గడిపేందుకు వేలు ఖర్చుపెట్టే ఏర్పాటు, కొన్ని వందల రూపాయల పంపు దగ్గర చేతులెత్తేస్తుంది. ఇది మార్చాలి. మార్చినచోట ఏమైందో మన ముందే ఉంది. ఫిన్లాండ్ 1994లో ఉబ్బసం కోసం పదేళ్ల కార్యక్రమం పెట్టుకుని, రోజువారీ మందు మీదే దృష్టి పెట్టింది. ఉబ్బసంతో ఆసుపత్రిలో గడిపే రోజులు సగానికి పైగా తగ్గాయి. ధనిక దేశం కదా అంటారా, బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరం చూడండి. పేదలకు పీల్చే స్టెరాయిడ్ ఉచితంగా ఇచ్చి, వాడటం నేర్పిస్తే, 2003కూ 2006కూ మధ్య ఉబ్బసం అడ్మిషన్లు 74 శాతం తగ్గాయి.

చిన్నపిల్ల పంపు పీల్చలేదనే సాకూ నిలబడదు. స్పేసర్ ఉంది: ఒకవైపు పంపు, ఇంకోవైపు మాస్కు. పిల్ల మామూలుగా ఊపిరి పీలిస్తే చాలు. దాడి సమయంలో స్పేసర్‌తో ఇచ్చిన పంపు పిల్లలకు నెబులైజర్‌తో సమానంగా పనిచేస్తుందని పలు అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. అది కొనలేనివాళ్ల సంగతి దక్షిణాఫ్రికా డాక్టర్లు ఆలోచించారు. 500 ఎం.ఎల్. ప్లాస్టిక్ సీసాతో చేసిన స్పేసర్ కంపెనీ స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. కూల్‌డ్రింక్ సీసా దొరకని ఊరు మనది కాదు. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించడం, మాస్కు తగిలిన చోట ముఖం తుడవడం నేర్పితే నోటిపూత బాధ కూడా తగ్గుతుంది.

మా ఇంట్లో పంపు, స్పేసర్ ఇప్పుడు పళ్లపొడి పక్కన ఉంటాయి. పొద్దున, రాత్రి పళ్లు తోమడానికి ముందు పీల్చడం. జలుబులు వస్తూనే ఉన్నాయి. వార్డు మాత్రం అరుదైంది. ఒక్క పిల్ల కథ రుజువు కాదని నాకు తెలుసు, అందుకే ఇంతసేపూ ఇతరుల లెక్కలు చెప్పాను.

నా మాట విని ఎవరూ ఆసుపత్రికి వెళ్లడం మానొద్దు. డొక్కలెగరేస్తున్నా, పెదాలు నీలమవుతున్నా, నీళ్లు తాగలేకపోతున్నా, ఒక మాట పూర్తిగా పలకలేకపోతున్నా క్షణం ఆగకుండా తీసుకెళ్లండి. మందు మొదలుపెట్టడం, మోతాదు తగ్గించడం, ఆపడం డాక్టరు చెప్పినట్టే చెయ్యండి.

గుర్తింపు సంఘం ఎన్నికలొచ్చినప్పుడు సొంతిల్లు, కారుణ్య నియామకాలు, అలవెన్సుల మీద పన్ను గురించి గేటు మీటింగుల్లో గొంతు చించుకునే నాయకులను అడుగుతున్నాను: మీ డిమాండ్ల పత్రంలో ఒక్క వరుస చేర్చండి. సింగరేణి డిస్పెన్సరీల్లో, ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పీల్చే స్టెరాయిడ్, స్పేసర్ పర్మనెంట్, కాంట్రాక్టు తేడా లేకుండా ప్రతి పిల్లకూ ఉచితంగా ఇవ్వాలి. రామగుండంలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, సింగరేణి డబ్బుతో కట్టింది. ఆ కళాశాల పిల్లల విభాగం ఒక్కో కాలనీకి వెళ్లి ఊపిరి పరీక్ష చేసి, లెక్క బయటపెట్టాలి.

తల్లిదండ్రులకు చెప్పేది ఇది. ఈసారి పిల్లను డిశ్చార్జి చేస్తున్నప్పుడు కాగితం తీసుకుని వెంటనే వచ్చేయకండి. నా బిడ్డది ఉబ్బసమా కాదా? రోజూ వాడే మందు ఏది? పంపు, స్పేసర్ ఎట్లా వాడాలో ఇక్కడే చేసి చూపిస్తారా? రాత్రి దమ్మొస్తే ఇంట్లో మొదట ఏం చెయ్యాలి? ఈ నాలుగూ అడగండి. జవాబులు కాగితం మీద రాయించుకుని, అప్పుడు ఇంటికి రండి.